వదిన పెళ్లికి ఆస్టర్ పూలు

మా వదిన నలభై తొమ్మిదేళ్ల వయసులో పెళ్లి మాట ఎత్తిన రోజు నేను మేడ మీద మట్టి జల్లిస్తున్నాను. మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడ్డాయి. ఆస్టర్ విత్తనాలు చల్లాలని ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి పెట్టుకున్నాను. వదిన రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, తడి తలకు తువ్వాలు చుట్టుకుని టీ గ్లాసుతో పైకి వచ్చింది. పిట్టగోడకు ఆనుకుని నిలబడి, ఎదురు హాస్టల్ మేడ మీద ఆడపిల్లలు బట్టలు ఆరేస్తుంటే చూస్తూ, "పిల్లా, నీకొక మాట జెప్పాలె. మా తమ్మునికి నువ్వే చెప్పు. నేను పెండ్లి చేసుకుంటున్న" అంది.

జల్లెడ నా చేతిలో ఆగిపోయింది. "ఎవరికి?" అన్నాను.

"ఎవరికేంది, నాకే" అంది వదిన.

ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆ ప్రశ్న తలుచుకుని తర్వాత కూడా చాలాసార్లు నవ్వుకున్నాం. కానీ ఆ పూట నవ్వు ఆగాక నా కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆమె ఎవరో, నాకు ఏమవుతుందో చెబితేగానీ ఆ నీళ్ల సంగతి అర్థం కాదు.

వదిన మా ఆయన అక్క. పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. మధురానగర్‌లో మేముండే ఈ పాత ఇల్లు మా మామగారు బస్సు కండక్టరుగా పనిచేసిన రోజుల్లో కట్టించింది. ఆయన మంచాన పడ్డప్పుడు ఇల్లు నడిపింది వదినే. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "టైం దొరకలే" అనేది. అంతకు మించి ఒక్క మాట చెప్పేది కాదు.

నాది గోదావరి వైపు. మా ఆయనా నేనూ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటూ కలిశాం, పెద్దవాళ్లు వద్దంటున్నా పెళ్లి చేసుకున్నాం. నా వైపు నుంచి ఎవరూ రాలేదు. మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి అయిదో నెలలోనే డాక్టరుగారు మంచం దిగొద్దన్నారు. మా అమ్మ అప్పటికింకా నాతో మాట్లాడటం లేదు. మా ఆయనకు కొత్త ఉద్యోగం, సెలవు దొరకదు. అప్పుడు వదిన తన డ్యూటీలన్నీ రాత్రికి మార్పించుకుంది. రాత్రంతా ఆస్పత్రిలో నిలబడి వచ్చి, పగలు నా పక్కన చాప వేసుకుని పడుకునేది. నేను అటు కదిలితే ఇటు లేచేది. నా తల దువ్వింది, ఒళ్లు తుడిచింది, నా ఎదుట బెడ్‌పాన్ మాట అతి మామూలుగా మాట్లాడి నా సిగ్గు పోగొట్టింది. "మీకు చాలా శ్రమ ఇస్తున్నానండీ వదినగారూ" అన్నానొకసారి. "గీ అండీలు, గారులు మీ ఊళ్ల పెట్టుకో. జర ఆ కాలు ఇటు పెట్టు" అంది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున పాత పేపర్లో చుట్టిన పూలు తెచ్చింది. ఇంటికెళ్లిపోయిన పేషెంట్ ఎవరో వదిలేసి పోయారట. చూడటానికి చామంతుల్లా ఉన్నాయి కానీ చామంతులు కావు. రేకులు మెత్తగా, ఊదా రంగులో, నడుమ పసుపు బొట్టుతో ఉన్నాయి. స్టీలు చెంబులో నీళ్లు పోసి కిటికీలో పెట్టింది. రోజూ నీళ్లు మార్చి కాడల చివర్లు కొంచెం కొంచెం కత్తిరించేది. వారం దాటినా అవి అలాగే ఉన్నాయి. మంచం మీద నుంచి నాకు కనిపించేవి ఆ కిటికీ, ఆ పూలు, కింద చాప మీద నిద్రపోతున్న వదిన. ఆ పూలను ఆస్టర్ అంటారని తర్వాత పూలమ్మే ఆవిడ చెప్పింది.

మా అమ్మాయి పుట్టి, నడక నేర్చాక, నేను నర్సరీకి వెళ్లి ఆస్టర్ మొక్కలు అడిగాను. మొక్కలు లేవు, విత్తనాల ప్యాకెట్ ఉందన్నారు. మొదటి ఏడు విత్తనాలు లోతుగా పూడ్చేశాను, ఒక్కటీ రాలేదు. రెండో ఏడు మగ్గుతో నీళ్లు పోశాను, అన్నీ కొట్టుకుపోయి ఒక మూల చేరాయి. అలా చెడగొట్టుకుంటూనే నేర్చుకున్నాను. మట్టి మీద పలచగా చల్లి, పైన జల్లించిన ఎరువు ఉప్పు చల్లినంత మందాన వేయాలి. నీళ్లు చేత్తో చిలకరించాలి. నారు నాలుగైదు ఆకులు తొడిగాక ఒక్కో మొక్కనూ విడిగా నాటాలి. ఒకసారి పూశాక మొక్క పని అయిపోతుంది, మళ్లీ విత్తనం నుంచే మొదలు. మా మేడ మీద థర్మకోల్ పెట్టెలు, పాత బకెట్లు, పెయింట్ డబ్బాలు, వాటి నిండా ఏటా ఆస్టర్లే. వదిన డ్యూటీ నుంచి రాగానే ఒకసారి పైకెళ్లి వాటిని చూసొచ్చేది.

ఇక వదిన చేసుకోబోయే ఆయన. మైత్రీవనం పక్క సందులో జిరాక్సు, స్పైరల్ బైండింగ్ షాపు ఉంది. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. షుగరున్న తల్లికి కాలి మీద పుండయితే కట్టు కట్టించడానికి వదిన పనిచేసే ఆస్పత్రికి తీసుకొచ్చేవాడట. అలా పరిచయం.

నేను చెప్పగానే మా ఆయన అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు. తనకు ముందు చెప్పలేదని బాధ. రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. మూడో రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "మంచోడేనా అక్కా?" అని మాత్రం అడిగాడు.

"నాలుగేండ్ల సంది జూస్తున్న" అంది వదిన, కూరగాయలు తరుగుతూనే. "వాళ్లమ్మ ఎంత సతాయించినా ఒక్కసారి కసురుకోలే. గంతకంటే ఏం జూడాలె నేను?"

తర్వాతి ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చారు. సన్నటి మనిషి, వేళ్ల చివర్ల నల్లటి ఇంకు మరకలు. నాకు వరసకు అన్నయ్య అయ్యారు కాబట్టి అలాగే పిలిచాను. మేడ మీద నారు పెట్టెలు చూపిస్తే మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి పెట్టకుండా చాలాసేపు చూశారు. రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి, తర్వాత మా మేడ మీద భోజనాలు. దసరా దాటిన వారంలో రోజు ఖాయం చేశారు. వదిన కోరింది ఒక్కటే. "బజారు దండలొద్దు. గా మెరుపులు, వెండి కాయితాలు నాకొద్దు. నువ్వు పెంచే పూలతోని రెండు దండలు గుచ్చు పిల్లా, చాలు."

ఇన్నేళ్లలో వదిన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ జూలైలో ముసురు పట్టింది. ఎండ మొహం చూడలేదు. ఒక పొద్దున పైకెళ్లి చూస్తే రెండు పెట్టెల్లో నారు మొదళ్లు దారంలా సన్నబడి పక్కకు పడిపోయి ఉంది. నారుకుళ్లు. ముట్టుకుంటే చేతికొచ్చేసింది. వదిన వచ్చి చూసి, "ఫికర్ జెయ్యకు, ఇంక విత్తనాలున్నయ్ గదా, మళ్ల చల్లు" అంది. ఉన్నవి కొన్నే. అవి చల్లాను. ఆ సాయంత్రం మళ్లీ వాన మొదలైతే నేను పైకి పరిగెత్తాను. అప్పటికే మా ఆయన అక్కడ ఉన్నాడు. తన బైక్ మీద కప్పే కవరు తెచ్చి, నాలుగు కర్రలు పాతి పెట్టెల మీద పందిరిలా కడుతున్నాడు. ఎన్నడూ మట్టి ముట్టని మనిషి. కింద ఆయన బండి వానలో తడుస్తోంది. నేనూ వెళ్లి ఒక కర్ర పట్టుకున్నాను. వాళ్ల అక్క పెళ్లికి ఆయన ఒప్పుకున్నట్టు నాకు ఆ వానలో తెలిసింది.

చివరికి పెట్టెలో సగం నారు దక్కింది. బతుకమ్మ రోజులు మొదలయ్యేసరికి మొగ్గలు విడుతున్నాయి. ఊదా రంగువే ఎక్కువ, కొన్ని తెల్లవి. నేను పువ్వు కోయడం లేదు, కోయనివ్వడం లేదు. మా అమ్మాయి ఒక్కటి జడలో పెట్టుకుంటానంటే కూడా కసిరాను.

అప్పుడు ఫోనొచ్చింది. అన్నయ్యగారి తల్లి బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలన్నారు.

వదిన ఆ రాత్రి నుంచి అక్కడే ఉంది. రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, "ఆమెను మంచంల పండబెట్టి నేను దండ ఏసుకుంటనా? ఇప్పుడైతే వద్దన్న" అంది. మళ్లీ ఎప్పుడో అడగాలంటే నాకు భయమేసింది. మా ఆయన మేనత్త ఒకావిడ ఫోన్ చేసి, ఆగిన పెళ్లి అంటూ ఏవేవో శకునాలు చెప్పింది. వదిన అంతా విని, "మంచిది అత్తా" అని పెట్టేసింది.

మేడ మీద పూలు మాత్రం ఆగలేదు. అన్నీ ఒక్కసారి విరగబూశాయి. సద్దుల బతుకమ్మ రోజు పొద్దున వదిన కత్తెర తీసుకుని పైకి వచ్చింది.

"కొయ్యి" అంది.

"వదినా, ఇంకొన్ని రోజులు ఉంటాయి. ఒకవేళ..."

"పిల్లా, ఉంచి ఏం జేస్తవ్? పూసిన పూలు గివి. పండుగ పూట ఎండిపోనిస్తమా?"

నేను ఏడుస్తూనే కోశాను. పిట్టగోడ పక్కనున్న నాలుగు మొక్కలు మాత్రం విత్తనానికి ఉంచమని బతిమాలాను. ఆమె సరేనంది. హాల్లో పళ్లెం పెట్టుకుని తంగేడు, గునుగు, బంతి, వాటి మధ్య వరసలు వరసలుగా మా ఆస్టర్లు పేర్చాం. ఈ ఇంటికి వచ్చాకే నేను బతుకమ్మ పేర్చడం నేర్చుకున్నాను, అదీ వదిన దగ్గరే. ఆ సాయంత్రం మా సందులో ఆడితే హాస్టల్ ఆడపిల్లలు కూడా దిగి వచ్చారు. కోచింగ్ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు, అడుగు తెలియకపోయినా చప్పట్లు కొడుతూ తిరిగారు. వదిన వాళ్లకు అడుగు నేర్పుతూ నవ్వుతోంది. కాలనీ చివర పెట్టిన నీళ్ల తొట్టిలో బతుకమ్మను వదిలేటప్పుడు ఒక్కసారి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతే.

దీపావళి తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. అన్నయ్యగారు ఆస్పత్రికీ షాపుకీ ఇంటికీ తిరగడంలో మా వైపు రావడం తగ్గించారు. వదిన తన పని తను చేసుకునేది. పెళ్లి సంగతి ఎత్తితే "అయ్యేదైతే అయితది" అనేది.

పిట్టగోడ పక్క మొక్కల పూలు ఎండి, నడుమ నుంచి తెల్లటి నూగు బయటికొచ్చింది. వాటిని తుంచి పేపరు మీద రాల్చి, గాలికి ఎగరకుండా ఫ్యాన్ ఆపి కూర్చున్నాం ఇద్దరం. గింజ ఎంత తేలికంటే ఊపిరి తగిలినా కదులుతుంది. కుప్ప పోగయ్యాక వదినకు తుమ్మొచ్చింది. విత్తనాలు హాలంతా ఎగిరిపోయాయి. ఒక్క క్షణం ఇద్దరం మొహాలు చూసుకున్నాం. తర్వాత వదిన కడుపు పట్టుకుని నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. సోఫా కింద, టీవీ వెనక, చాప అంచుల్లో ఏరుకున్నాం. ఏరినవి ఏరినట్టే చల్లేశాను. అదే మట్టిలో వేస్తే తెగులు పట్టుకుంటుందని పెట్టెలన్నీ ముందే కడిగి, మట్టి మొత్తం మార్చి ఉంచాను. ఎవరి పెళ్లి కోసం, ఏ రోజు కోసం అని నన్ను నేను అడగలేదు. చలికాలం కదా, నారు ఒక్కటి కూడా కుళ్లలేదు.

నాటగా మిగిలిన మొక్కలు రెండు కుండీల్లో పెట్టుకుని, ఒక మధ్యాహ్నం ఆటోలో యూసుఫ్‌గూడలో అన్నయ్యగారింటికి వెళ్లాను. వదినకు చెప్పలేదు. కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు. అన్నయ్యగారు షాపుకు వెళ్లారు. పక్కింటావిడ తలుపు తీసింది. అన్నయ్యగారి తల్లి, నాకు వరసకు పెద్దమ్మ, కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ఆమెను నేను చూడటం అదే మొదలు. ఈ పెళ్లి ఆమెకు ఇష్టం లేదేమో, పడిపోవడం ఆమెకు ఒక సాకు దొరికినట్టయిందేమో అని నా మనసులో ఒక మూల ఉండేది.

"నువ్వు గా నర్సమ్మ మరదలివా?" అంది.

"అవునండీ పెద్దమ్మగారూ."

"కూసో. మీ వదిన ఏమంటున్నది? ఇంక వద్దంటున్నదా?"

"మీరే వద్దంటున్నారేమోనని మేమంతా..." అన్నాను.

"నేనెందుకంట!" ఆమె లేవబోయి, నొప్పికి మళ్లీ వెనక్కి వాలింది. "పడ్డది నేను. ఆగింది ఆమె పెండ్లి. దవాఖానల నాకు తల దువ్వింది, నా పక్కబట్టలు మార్చింది. గంత చేయించుకున్నంక ఇంక ఏ మొఖం పెట్టుకొని అడగాలె, ఎప్పుడు జేసుకుంటవ్ బిడ్డా అని? ముసల్దానికి చాకిరి చేసుడే మిగిలేటట్టుంది అనుకోని మనసు మార్చుకున్నదేమో అని నాకు భయం. నా కొడుకు సుత అడగనీకి భయపడుతున్నడు."

తల దువ్వింది అన్న మాట దగ్గర నేను ఆమె మంచానికి దగ్గరగా జరిగాను. నేనూ ఆ చేతి కింద పడుకున్నదాన్నేనని ఆమెకు చెప్పాను. అంతా చెప్పాను, మంచం, చాప, రాత్రి డ్యూటీలు. ఆమె నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వింది. చివరికి, "జల్ది రోజు చూడండ్రి. నన్ను కుర్చీల కూసోబెట్టి తీస్కపోండ్రి, వస్త" అంది. కుండీలు కిటికీలో పెట్టించుకుంది. ఆకుల మీంచి చెయ్యి తీయకుండా, "ఏం రంగు పూస్తయ్?" అని అడిగింది. "పూసేదాకా నాకూ తెలియదు" అన్నాను. ఒకే మొక్క గింజలైనా రంగు ఒక్కోసారి మారిపోతుంది.

ఇంటికొచ్చి వదినకు జరిగింది చెప్పాను. ఆమె వంటింట్లోకి వెళ్లి, అప్పటికే కడిగి బోర్లించిన గిన్నెలు తీసి మళ్లీ కడిగింది. కాసేపటికి, "చాయ్ తాగుతవా?" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మాఘమాసంలో ఒక శుక్రవారం పెట్టుకున్నారు. మా విత్తనాల నుంచి వచ్చిన పూలు ముదురు ఊదా కాకుండా లేత రంగుకు తిరిగాయి, ఉతికి ఉతికి వెలిసిన చీర రంగు. కొన్ని తెల్లవి, రెండు మూడు గులాబి. ముందు రోజు సాయంత్రం కోసి, కాడలు నీళ్లలో ఉంచి, తెల్లవారగానే గుచ్చడానికి కూర్చున్నాం. మధ్య మధ్య మరువం. మా అమ్మాయి పూలు అందిస్తుంటే నేను సూదితో గుచ్చాను. ఎంత గుచ్చినా రెండు నిండు దండలకు పూలు చాలలేదు. బజారుకెళ్లి చామంతులు తెస్తానని మా ఆయన చెప్పులేసుకున్నాడు.

వదిన స్నానం చేసి, కొత్త చీర సగం కట్టుకుని వచ్చి చూసింది. "పొట్టిగ కట్టు. గుండెల దాకా వస్తే చాలు. మాకు గీ వయసుల మోకాళ్ల దాకా దండలెందుకు?" అంది. మా ఆయన చెప్పులు విప్పేశాడు.

రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో చాలా జంటలున్నాయి, అందరూ పాతికేళ్ల లోపు పిల్లలు. వాళ్లలో ఒకమ్మాయి వచ్చి వదినను "ఆంటీ, మీ అమ్మాయి పెళ్లా?" అని అడిగింది. "నాదే బిడ్డా" అంది వదిన. ఆ అమ్మాయి "కంగ్రాట్స్ ఆంటీ" అంటూ వాటేసుకుంది. పెద్దమ్మ చక్రాల కుర్చీలో, పట్టుచీరలో, అందరికీ వినబడేలా తొందరపెడుతోంది. సంతకాలయ్యాయి. అన్నయ్యగారి ఇంకు మరకల చేతుల్లో మా పొట్టి దండ. వదిన తల వంచింది. ఆ తల ఎవరి ముందూ అలా వంగడం నేను చూడలేదు. మా ఆయన గోడ వైపు తిరిగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు.

మేడ మీద భోజనాలయ్యాక వాళ్లు యూసుఫ్‌గూడ వెళ్లిపోయారు. సాయంత్రం నేను పైకి వెళ్లి, పూలు కోసేసిన మొక్కల మధ్య కూర్చున్నాను. ఈ ఇంట్లో నాకు తల్లి, అక్క, స్నేహితురాలు ఎవరంటే ఒక్కరే. ఆమె కోసం నేను చేయగలిగింది కాసిని పూలు పూయించడం. అది కూడా ఆమె అడిగి నాకు ఇచ్చిన అవకాశమే. అదృష్టం అనేది నా జీవితంలో ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ఆ చాప చూపిస్తాను.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది. వదిన.

"పిల్లా, నా డ్యూటీ షూస్ ఆడనే మర్చిపోయిన. రేపు పొద్దుగాల డ్యూటీ ఉన్నది నాకు."

"పెళ్లయిన మర్నాడే డ్యూటీ ఏంటి వదినా?"

"మనుషులు లేరట. నేను సరే అన్న."

మా ఆయన బండి తీశాడు. షూస్ సంచిలో వేసుకుని ఇద్దరం వెళ్లాం. తలుపు వదినే తీసింది, పాత నూలు చీరలో, చేతికి పిండితో. లోపల పెద్దమ్మ ఏదో కేకేస్తోంది. వదిన సంచి అందుకుని, మా ఇద్దరి మొహాల్లోకీ చూసి, "తిన్నరా?" అని అడిగింది. తినలేదన్నాం. "రొట్టెలు చేస్తున్న, కూసోండ్రి" అని లోపలికి పోయింది.